ప్రసాదం వద్దన్న చేతిలోనే ఫోను... దీన్నేమనాలి?

ఈ వారం ఉత్తరం ఒక తెలుగు యూదు ఇల్లాలిది. గుంటూరు జిల్లా చేబ్రోలు ప్రాంతంలో బెనే ఎఫ్రాయిమ్ అనే చిన్న సమాజం ఉందని మన పాఠకుల్లో చాలామందికి తెలియకపోవచ్చు. తెలుగే మాట్లాడతారు. ఇశ్రాయేలు పన్నెండు గోత్రాల్లో ఎఫ్రాయిము గోత్రం తమదని చెప్పుకుంటారు. 1980ల నుంచి బాహాటంగా యూదు ఆచారాలు పాటిస్తున్నారు. నేనూ ఆ ఆచారాల్లో బతుకుతున్నదాన్నే కాబట్టి ఈ ఉత్తరం నా దగ్గరికి వచ్చింది. ఉన్న కుటుంబాలే కొద్ది, ఎవరు రాశారో ఇట్టే తెలిసిపోతుంది. అందుకని కొన్ని వివరాలు మార్చి, విషయం మాత్రం ఉన్నదున్నట్టు చెప్తున్నాను.

భార్యాభర్తలిద్దరూ ఆ సమాజంలో పుట్టినవాళ్లే. పెళ్లయ్యాక హైదరాబాద్ వచ్చేశారు. ఆయన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఆమె టీచరు. ఎనిమిదేళ్ల పాప. శుక్రవారం పొద్దు వాలకముందే దీపాలు వెలిగించడం, శనివారం పనులన్నీ ఆపి గడపడం ఇద్దరికీ చిన్నప్పటి అలవాటు. విగ్రహారాధన అంటే ఆయనకి మహా పట్టింపు. ఆఫీసులో ఆయుధపూజ పెడితే ఆ రోజు సెలవు పెట్టేస్తారు. ఈమె చెల్లెల్ని హిందువుల ఇంటికి ఇచ్చారు. ఈమధ్య ఆ చెల్లెలి అత్తగారు తిరుమల వెళ్లొచ్చి, వీళ్లింటికి లడ్డూ పట్టుకొచ్చారు. ఆవిడ హాల్లో కూర్చుని ఉండగానే ఈయన లడ్డూని కవరుతో సహా తీసుకెళ్లి వంటింటి చెత్తబుట్టలో పడేశారు. డబ్బా మూత పడిన చప్పుడు హాల్లోకి వినిపించింది. ఆవిడ కాఫీ సగంలో వదిలేసి లేచి వెళ్లిపోయారు. చెల్లెలు అప్పట్నుంచి ఫోనెత్తడం లేదు.

అదే మనిషి రెండేళ్లుగా ఆప్షన్స్ ట్రేడింగ్‌లో, అంటే షేర్ల ధర పెరుగుతుందా తగ్గుతుందా అని పందెం కాసినట్టుండే వ్యాపారంలో, కూరుకుపోయారు. పాప చదువు కోసమని మొదలుపెట్టారు. మొదట్లో కాస్త లాభాలు కళ్లచూశారు. ఆ తర్వాత నష్టం పూడ్చుకోవడానికి ఇంకా పెట్టడం, మళ్లీ పోవడం. పొద్దున తొమ్మిదింబావుకి మార్కెట్ తెరిచే ముందు ఫోను కళ్లకద్దుకుంటారు. పాప అది చూసి "నాన్న ఫోనుకి దండం పెడుతున్నారా అమ్మా?" అని అడిగింది. శుక్రవారం రాత్రి ద్రాక్షరసం గిన్నె పట్టుకుని కిద్దూష్ అనే విశ్రాంతిదిన ప్రార్థన చెప్తూనే ఆయన కన్ను అమెరికా మార్కెట్ మీద ఉంటుంది. అడిగితే "ఆర్డర్ పెట్టట్లేదుగా, చూస్తున్నానంతే" అంటారు. ఒక ఎక్స్‌పైరీ రోజు, అంటే ఆ ఆప్షన్ల గడువు ముగిసే రోజు, పెద్ద దెబ్బ తగిలితే అన్నం పళ్లెం గోడకేసి కొట్టారు. ఆమె గాజులు, గొలుసు ఇప్పటికే గోల్డ్ లోన్‌లో ఉన్నాయి. ఇప్పుడు వాళ్లమ్మ పెళ్లికి పెట్టిన బుట్టకమ్మలు అడుగుతున్నారు. "ఈ ఒక్కసారి ఇవ్వు, అన్నీ విడిపించేస్తా" అని.

ఒకరోజు ఆమె ఉండబట్టలేక "లడ్డూ ముట్టుకుంటే విగ్రహారాధన, మరి నువ్వు చేసేదేంటి? నీ దేవుడు నీ చేతిలోనే ఉన్నాడు" అనేశారట. ఆయన మాట్లాడడం మానేశారు. ఆమె అడుగుతున్నవి ఇవి: "నేనలా అనడం తప్పా? డబ్బుని, ఫోనుని విగ్రహం అనడం మన ధర్మంలో నిజంగా ఉందా, మాటవరసకేనా? కమ్మలు ఇవ్వాలా, వద్దా? చెల్లెలి అత్తగారికి మొహం ఎలా చూపించను? ఇంకో చిన్న సంగతి. చనిపోయిన మా నాన్న ఫోటోకి మా అమ్మ దండ వేసి పంపింది. ఈయన గోడకి పెట్టనివ్వడం లేదు. అది కూడా విగ్రహారాధనేనా?"

*

అమ్మా,

ముందు తేలాల్సింది కమ్మల సంగతి. కానీ మీరడిగిన మొదటి ప్రశ్నకి జవాబు దొరక్కుండా అది తేలదు. అందుకని అక్కడి నుంచే మొదలుపెడతాను.

మన ధర్మశాస్త్రంలో విగ్రహారాధన హద్దులు గీసిన నేరం. సృష్టికర్తకి చెందాల్సిన ఆరాధనను ఇంకొకదానికి చేయడం. ప్రాణం మీదికి వచ్చినా చేయకూడదని మన మతగురువులైన రబ్బీల చర్చల గ్రంథం తాల్ముద్ తేల్చిన మూడింట్లో ఇదొకటి. మిగతా రెండూ హత్య, నిషిద్ధ లైంగిక సంబంధాలు. ఆ కొలతతో చూస్తే మీవారు విగ్రహారాధకుడు కాదు. ఫోను కళ్లకద్దుకోవడాన్ని నేను నేరంగా లెక్కపెట్టను. కాలు తగిలిన పుస్తకాన్ని కళ్లకద్దుకునే నేల మీద పెరిగాం మనం. గుమ్మానికున్న మెజూజాని, లేఖన వాక్యాలుండే ఆ చిన్న పెట్టెని, తాకి వేళ్లు ముద్దుపెట్టుకుంటాం, మన పవిత్ర గ్రంథం తోరా చుట్ట ముందు నుంచి వెళ్తుంటే చెయ్యి చాచి తాకుతాం. సైగ ఒక్కటే చూసి మనిషి మనసులో ఎవరున్నారో చెప్పలేం. పాప అడిగితే "నాన్నకి అలవాటమ్మా" అని చెప్పండి చాలు. తండ్రి మీద తీర్పు చెప్పే పని ఆ పిల్లకి అప్పగించకండి.

నాకు భయం వేసింది పళ్లెం దగ్గర.

తాల్ముద్‌లో షబ్బాత్ అనే గ్రంథంలో ఒక మాట ఉంది. కోపంలో బట్టలు చించుకునేవాడిని, కోపంలో గిన్నెలు పగలగొట్టేవాడిని, కోపంలో డబ్బు విసిరేసేవాడిని విగ్రహారాధకుడిగానే చూడమంటుంది. ఎందుకో కూడా అక్కడే చెప్తుంది. లోపలి దుర్బుద్ధి పని చేసే తీరు అది. ఇవాళ ఇది చెయ్యి అంటుంది, రేపు అది చెయ్యి అంటుంది, చివరికి వెళ్లి విగ్రహానికి మొక్కు అంటుంది, మనిషి వెళ్లి మొక్కుతాడు. ఆ వెంటనే "నీలో అన్యదేవత ఉండకూడదు" అనే కీర్తన వాక్యం ఎత్తుకుని, మనిషి ఒంట్లో ఉండే ఆ అన్యదేవత ఎవరు అని అడిగి, ఆ దుర్బుద్ధే అని జవాబిస్తుంది.

ఇప్పుడు మీ ఇంట్లో జరిగినదాన్ని వరసగా పెట్టి చూడండి. మొదట జీతంలో మిగిలింది. తర్వాత గాజులు. తర్వాత గొలుసు. శుక్రవారం రాత్రి. పళ్లెం. ఇప్పుడు కమ్మలు. ఇవాళ ఇది, రేపు అది. ఆ రబ్బీలకి ఆప్షన్స్ తెలియవు, మనిషి తెలుసు. కాబట్టి మీ ప్రశ్నకి నా జవాబు ఇది: న్యాయస్థానంలో నిలబెట్టే నేరంగా కాకపోయినా, ఇది వట్టి మాటవరస కాదు. బీదవాడికి సాయం చేయకుండా కళ్లు తిప్పుకున్నవాడు విగ్రహాన్ని కొలిచినట్టే అని ఒకచోట, గర్విష్ఠి విగ్రహాన్ని కొలిచినట్టే అని ఇంకోచోట తాల్ముద్ అంటుంది. ఆ రబ్బీలు ఈ పోలిక తేలిగ్గా వాడేవాళ్లు కారు.

ఇరవయ్యో శతాబ్దంలో మనవాళ్లు ఈ ఆలోచనని ఇంకా ముందుకు తీసుకెళ్లారు. జర్మనీలో పుట్టి, నాజీలు వచ్చాక అమెరికా చేరిన మానసిక శాస్త్రవేత్త ఎరిక్ ఫ్రామ్ (1900-1980) విగ్రహారాధనని ఇలా అర్థం చేసుకున్నారు. మనిషి తన శక్తిని, తన ప్రేమని తన చేతులతో చేసిన వస్తువులో పోసేస్తాడు. ఆ తర్వాత అది తనకంటే పెద్దదని నమ్మి దాని ముందు చిన్నవాడైపోతాడు. డబ్బు కావచ్చు, నాయకుడు కావచ్చు, దేశం కావచ్చు. జెరూసలేములో యెషయాహు లైబోవిట్జ్ (1903-1994) నిష్ఠగా ఆచారం పాటించే యూదుడు. అయినా రాజ్యానికి, నేలకి, చివరికి ప్రాచీన ఆలయం దగ్గర మిగిలిన పశ్చిమ గోడకి కూడా పవిత్రత అంటగట్టడం విగ్రహారాధనే అవుతుందని సొంత జనం ముందు నిలబడి అన్నారు. ఆయన్ని తిట్టినవాళ్లు ఎంతమందో! నేను ఆయన చెప్పినవన్నీ ఒప్పుకోను. కానీ పవిత్రమైనది కూడా పీఠమెక్కితే ప్రమాదమే అన్న ఆ ఒక్క మాట మన ఇళ్లకి చాలా అవసరం.

పండగల్లో మనం పాడుకునే హల్లెల్ అనే స్తుతి కీర్తనల్లో 115వ కీర్తన ఉంది కదా. విగ్రహాలు కళ్లుండీ చూడవు, చెవులుండీ వినవు, వాటిని చేసేవాళ్లు, నమ్ముకునేవాళ్లు వాటిలాగే అవుతారు అని. దీన్ని మనం ఎప్పుడూ పక్కింటివాళ్ల గురించి అనుకుని పాడతాం. ఈసారి పాడేటప్పుడు ఆ చివరి వాక్యం దగ్గర కాసేపు ఆగండి. కిద్దూష్ చెప్తూ ఎదురుగా కూర్చున్న కూతురి మొహం చూడలేకపోతున్న తండ్రి గురించి అది ఏమంటోందో మీకే తెలుస్తుంది.

అయితే అమ్మా, మీవారు దుర్మార్గుడని దీనర్థం కాదు. రాజుల రెండో గ్రంథంలో ఇత్తడి సర్పం కథ గుర్తుందా? అరణ్యంలో పాములు కరిచి జనం చస్తుంటే దేవుడే చెప్పి చేయించాడు దాన్ని. చేసినవాడు మన ప్రవక్త మోషే. చూసినవాళ్లు బతికారు. వందల ఏళ్ల తర్వాత జనం దానికి ధూపం వేస్తున్నారని తెలిసి హిజ్కియా రాజు దాన్ని ముక్కలు చేశాడు. మోషే చేతుల్లో తయారైన వస్తువు! చేయడం తప్పు కాదు, పగలగొట్టడమూ తప్పు కాదు, రబ్బీలు హిజ్కియాని మెచ్చుకున్నారు. మీవారు పాప చదువు కోసం మొదలుపెట్టారని రాశారు. ఆ మాట నిజమేనని నమ్మండి. ఆయనతో మాట్లాడేటప్పుడు అక్కడి నుంచే మొదలుపెట్టండి: "నువ్వు మంచి కోసమే మొదలుపెట్టావు. ఇప్పుడది ఆ మంచిని తినేస్తోంది." "నీ దేవుడు నీ చేతిలో ఉన్నాడు" కంటే ఈ మాట ఆయన చెవికి ఎక్కే అవకాశం ఎక్కువ.

మీరన్నది తప్పా అని అడిగారు. విషయం తప్పు కాదు, విసిరిన తీరు తప్పు. లడ్డూ విషయంలో ఆయన చేసిందీ అదే. ఇద్దరూ ఒకే మాటని రాయిలా వాడారు, ఆయన ఒక అతిథి మీద, మీరు ఆయన మీద. ప్రవక్తల గ్రంథాలు తిరగేయండి. విగ్రహాల గురించి వాళ్లు ఎవరిమీద ఎక్కువ మండిపడ్డారు? సొంత ఊరి మీద, సొంత రాజుల మీద, సొంత గుడిలో మొక్కుబడిగా బలులిచ్చేవాళ్ల మీద. ఆ మాట మొట్టమొదట ఎవరికి వాళ్లు వేసుకోవాల్సిన ప్రశ్న. నాకు కాదనే ధైర్యం లేనిది ఏది? అది అడిగితే నేను ఏదైనా ఇచ్చేస్తానా? ఇది మీరు కూడా వేసుకోండి. మీకు ట్రేడింగ్ లేకపోవచ్చు, పరువు ఉండొచ్చు. ఆ ప్రశ్న వేసుకున్నవాళ్ల గొంతులో పదును తగ్గుతుంది.

లడ్డూ సంగతి. ఇక్కడ మీవారి వైపు న్యాయం కొంత ఉంది, అది ఒప్పుకుందాం. నైవేద్యం పెట్టినదాన్ని తినకూడదన్నది మన నియమం, తినకపోవడంలో సిగ్గుపడాల్సింది లేదు. కానీ హిందువుల పూజని మన శాస్త్రం ఏమనాలన్న దాని మీద మన రబ్బీలకే ఏకాభిప్రాయం లేదు. 2004లో తిరుమల తలనీలాల మీద పెద్ద దుమారం రేగింది. పెళ్లయిన ఆచారపరులైన యూదు స్త్రీలలో చాలామంది జుట్టు కప్పుకోవడానికి విగ్గులు పెట్టుకుంటారు. వాటిల్లో తిరుమల జుట్టు ఉందని తెలిసి, లండన్ నుంచి ఒక రబ్బీ తిరుపతి వచ్చి చూసి వెళ్లారు. జెరూసలేములో రబ్బీ ఎల్యాషివ్ ఆ విగ్గులు నిషిద్ధం అన్నారు. అమెరికాలోని బ్రూక్లిన్‌లో, ఇజ్రాయెల్‌లోని బ్నే బ్రాక్‌లో వీధుల్లో విగ్గులు కుప్ప పోసి తగలబెట్టారు. అదే సమయంలో ఇంకొందరు రబ్బీలు, గుండు చేయించుకోవడం అహం వదులుకోవడమే, జుట్టు దేవుడికి పెట్టే నైవేద్యం కాదు, కాబట్టి నిషేధం లేదన్నారు. అందరూ చదువుకున్నవాళ్లే, అందరూ భయభక్తులున్నవాళ్లే. కళ్యాణకట్టలో క్షురకుడి ముందు తల వంచిన మనిషి మనసులో ఏముందన్న ప్రశ్న దగ్గర విడిపోయారు. తర్వాత 2008లో జెరూసలేములో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ పీఠం తరఫువాళ్లు, హిందూ ఆచార్యులు కూర్చుని విడుదల చేసిన ప్రకటన, హిందువులు ఏ రూపాన్ని కొలిచినా కొలిచేది ఒక్క పరమాత్మనే అని రాసింది. మనలో అందరూ దాన్ని ఒప్పుకోలేదు. కానీ ఇంత చర్చ నడిచిన విషయాన్ని మీవారు చెత్తబుట్ట దగ్గర ఒక్క క్షణంలో తేల్చేశారు, అదీ పెద్దావిడ ముందు.

తాల్ముద్‌కి మూలమైన మిష్నాలో రబ్బాన్ గమలియేలు కథ చూడండి. అక్కో పట్టణంలో గ్రీకు దేవత ఆఫ్రొడైట్ విగ్రహం ఉన్న స్నానశాలలో ఆయన స్నానం చేస్తుంటే ఒకాయన నిలదీశాడు. "నేను ఆమె హద్దులోకి పోలేదు, ఆమే నా హద్దులోకి వచ్చింది" అన్నాడాయన. విగ్రహాన్ని పగలగొట్టలేదు, స్నానశాల వదిలి పారిపోనూ లేదు. ఇతరుల మధ్య బతికే యూదుడికి అంత నిబ్బరం కావాలి. అన్యుల్లోని బీదలకి కూడా మన బీదలతో పాటు అన్నం పెట్టమని, వాళ్ల రోగులని పరామర్శించమని, అదంతా శాంతి కోసమని చెప్పిన ధర్మం మనది.

ఆ పెద్దావిడ దగ్గరికి మీరు ఒక్కరే వెళ్లొచ్చు, అది తేలిక. రాకపోకలు మళ్లీ మొదలవుతాయి, కానీ ఆవిడకి మీ భర్త మీద మనసు విరిగే ఉంటుంది. ఇద్దరూ కలిసి వెళ్తే ఆయనకి కష్టం, ఫలితం మాత్రం నిలబడుతుంది. మనిషి పట్ల చేసిన తప్పుని ఆ మనిషిని శాంతింపజేసేదాకా మన ప్రాయశ్చిత్త దినం యోమ్ కిప్పూర్ కూడా కడగదని మిష్నా చెప్తుంది కాబట్టి, ఇది ఆయన కట్టాల్సిన బాకీ. మీరు ఆయన తరఫున కట్టలేరు. వెళ్లినప్పుడు "మేము ప్రసాదం తినమత్తయ్యా, మా నియమం. కానీ పారేయడం మా తప్పు. ఈసారి వచ్చేటప్పుడు జామకాయలు పట్టుకురండి" అని చెప్తే ఆవిడకి అర్థమవుతుంది. ఉపవాసాలు, మడి, పట్టింపులు చూస్తూ పెరిగిన తెలుగు పెద్దలకి నియమం అంటే ఏంటో తెలుసు. అవమానం అంటే ఏంటో కూడా తెలుసు.

ఇక కమ్మలు. అరణ్యంలో జనం బంగారు దూడని చేయించుకుని మొక్కిన కథలో, దాన్ని చేసిచ్చిన అహరోను ఏమన్నాడు? మీ భార్యల, కొడుకుల, కూతుళ్ల చెవులకున్న బంగారు పోగులు తీసుకురమ్మన్నాడు. తర్వాతి వాక్యంలో జనం తమ చెవుల పోగులు తీసి ఇచ్చారని ఉంది. భార్యలవి ఏమయ్యాయి? లేఖనాల మీద రబ్బీల వ్యాఖ్యానం, మన మిద్రాష్, చెప్పే జవాబు ఇది: ఆడవాళ్లు ఇవ్వలేదు. ఎవరినీ కాపాడే శక్తి లేనిదాని కోసం మా బంగారం ఇవ్వం అన్నారు. మగవాళ్లు తమ చెవులవే తీసిచ్చుకోవాల్సి వచ్చింది. అందుకు బహుమానంగానే నెల మొదటి రోజు ఆడవాళ్లకి ప్రత్యేకం అయిందంటారు. అదే ఆడవాళ్లు ఆరాధనా గుడారం కట్టేటప్పుడు కంకణాలు, పోగులు తెచ్చి ఇచ్చారని నిర్గమకాండం చెప్తోంది. బంగారం మీద మమకారంతో కాదనలేదు వాళ్లు. దేనికిస్తున్నామో చూసుకున్నారు.

కాబట్టి మీ ముందున్న దారులు చూద్దాం. కమ్మలు ఇచ్చేస్తే ఇంట్లో కొన్నాళ్లు ప్రశాంతత ఉంటుంది. కానీ ఆ డబ్బు వెళ్లేది అదే చోటికి. 2024 సెప్టెంబర్‌లో షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ బయటపెట్టిన అధ్యయనం ప్రకారం అంతకుముందు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఎఫ్ అండ్ ఓలో (ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో) దిగిన కోటిమందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. అందరి నష్టం కలిపి 1.8 లక్షల కోట్ల పైమాట. "ఈ ఒక్కసారి" అనేది ఈ ఆటలో ప్రతిసారీ వచ్చే మాట. ఖరాఖండిగా ఇవ్వనంటే గొడవ పెరగొచ్చు, ఆయన బయట అప్పు చేయొచ్చు. అప్పుల యాప్‌ల జోలికి వెళ్తే ఇంకా ప్రమాదం. మధ్యే మార్గం ఒకటుంది. "ట్రేడింగ్‌కి ఇవ్వను. అన్ని లెక్కలూ నా ముందు పెట్టు, ఎఫ్ అండ్ ఓ ఖాతా మూసేయి, ఆ తర్వాత గాజులూ గొలుసూ విడిపించడానికి అవసరమైతే ఈ కమ్మలు నేనే అమ్ముతాను" అని చెప్పడం. దీంతో మీరు ఆయనకి అడ్డు కాదు, దూడకే అడ్డు అని తెలుస్తుంది. అయితే ఆయన సగం లెక్కలే చూపించే అవకాశం ఉంది, అందుకని స్టేట్‌మెంట్లు కళ్లతో చూశాకే ముందుకెళ్లండి. నేనైతే దీనివైపే మొగ్గుతాను. ఏ దారి పట్టినా, ముందు ఆ కమ్మల్ని మీ పేరున ఉన్న లాకర్లో పెట్టండి. మీ అమ్మగారు మీకు పెట్టినవి అవి. గోల్డ్ లోన్ గడువు తేదీ ఎప్పుడో కనుక్కోండి, కట్టకపోతే వేలం వేస్తారు.

షబ్బాత్, అంటే మన శనివారపు విశ్రాంతి, దగ్గర కూడా చేయగలిగింది ఉంది. "చూస్తున్నానంతే" అన్న మాటకి ఆమోసు ప్రవక్త ఎప్పుడో జవాబిచ్చాడు. షబ్బాత్ ఎప్పుడు గడుస్తుందా, ధాన్యం ఎప్పుడు అమ్ముకుందామా అని కాచుకు కూర్చునే వ్యాపారులని తిట్టాడు. వాళ్లు ఆ రోజు అమ్మలేదు, నియమం తప్పలేదు. మనసంతా కొలపాత్ర మీదే ఉంది, అంతే. ఏది మన చేతిలో ఉందో, దేని చేతిలో మనం ఉన్నామో కనిపెట్టడానికి వారానికోసారి వచ్చే ఆ ఇరవై ఐదు గంటల కంటే మంచి పరీక్ష నాకు తెలియదు. దీపాలు వెలిగించే ముందు దానం డబ్బాలో చిల్లర వేసే అలవాటు మీ ఇంట్లో ఉండే ఉంటుంది. ఆ వేళకే ముగ్గురి ఫోన్లూ, మీదీ పాప ట్యాబ్‌తో సహా, బీరువాలో పెట్టి తాళం వేద్దామని అడగండి. ఆదివారం నాడో సోమవారం నాడో అడగండి, శుక్రవారం సాయంత్రం హడావుడిలో కాదు. ఆయన ఒప్పుకుని, ఆ ఒక్క రాత్రీ గిలగిల్లాడిపోతే అది ఆయనకే ఒక కబురు. మీరు వివరించాల్సిన పని ఉండదు. ఒప్పుకోకపోతే అదీ మీకు తెలియాల్సిన విషయమే.

అప్పుడు దీన్ని భక్తి లోపంగా చూడడం ఆపి, వ్యసనంగా చూడాలి. జూదం మనిషిని పట్టుకునే తీరుకి వైద్యం ఉంది. 14416 అనే టెలి మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయం) నంబరుకి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చు లేదు. ముందు మీరే చేసి, ఎలా మాట్లాడాలో అడగొచ్చు. ఊళ్లో మామగారికి చెప్పాలా అన్నది ఇంకో ఆలోచన. ఆయన మాట కొడుకు వింటాడనుకుంటే ఒక్కరికే, గుట్టుగా చెప్పండి. సమాజ మందిరంలో నలుగురి ముందూ పెట్టకండి. మనిషిని నలుగురిలో తలదించుకునేలా చేయడం రక్తం చిందించడంతో సమానమని తాల్ముద్ అంటుంది, పైగా అవమానపడ్డ జూదరి ఇంకా చాటుగా ఆడతాడు. పళ్లెం ఒక్కసారితో ఆగిందా లేదా అన్నది మాత్రం కనిపెట్టుకుని ఉండండి. చెయ్యి మీ మీదకో పాప మీదకో లేస్తే ఈ సలహాలన్నీ పక్కన పెట్టి, పాపతో సహా మీ అమ్మగారింటికి వెళ్లండి. మహిళల సహాయ నంబరు 181కి ఫోన్ చేయండి. అక్కడ ఓర్చుకోవడం ధర్మం కాదు.

నాన్నగారి ఫోటో గురించి. ఫోటో గోడకి పెట్టుకోవడం విగ్రహారాధన కాదు, ఆచారపరుల ఇళ్లల్లోనే తాతల ఫోటోలు, రబ్బీల ఫోటోలు గోడల నిండా ఉంటాయి. మన ధర్మం వద్దనేది చనిపోయినవాళ్లని ప్రార్థించడాన్ని, వాళ్ల దగ్గర సోదె అడగడాన్ని. దండ, అగరుబత్తి, ముందు దీపం పూజలా కనిపిస్తాయని మీవారికి ఇబ్బంది అయితే ఆ ఇబ్బంది అర్థం లేనిది కాదు. దండ తీసి ఫోటో పెట్టడానికి ఆయన్ని ఒప్పించండి. సంవత్సరీకం రోజు రాత్రి వెలిగించే దీపాన్ని ఫోటో ముందు కాకుండా వంటింటి గట్టు మీద పెట్టండి. నాన్నగారి పేరున ఎవరికైనా సాయం చేయండి. మీ అమ్మగారు వచ్చినప్పుడు దండ ఏదని అడిగితే, ఎందుకు తీశారో మీవారినే చెప్పమనండి. అత్తగారికి నెమ్మదిగా నచ్చజెప్పడం వస్తే, ఆ రెండో పెద్దావిడకి క్షమాపణ చెప్పడమూ ఆయనకి వస్తుంది.